బ్రేకులరిగితే తప్పెవరిది?

వినియోగదారుల హక్కుల గురించి స్త్రీల పత్రికల్లో రాసినప్పుడల్లా మన దృష్టి ఎక్కువగా వంటింటి చుట్టూనే తిరిగింది. కల్తీ నూనె, తూకంలో మోసం, గ్యాస్ సిలిండరు, పేలిన ప్రెషర్ కుక్కరు. ఇవన్నీ రాయాల్సిన విషయాలే. కానీ స్త్రీ కొనేవీ వాడేవీ వంటింటి వస్తువులేనన్న భావన కూడా వాటితోపాటు మనకు తెలియకుండానే బలపడుతూ వచ్చింది. ఇవాళ స్త్రీలు కార్లు కొంటున్నారు. బ్యాంకు అప్పు తీసుకుని, జీతంలోంచి నెలనెలా వాయిదా కడుతున్నారు. ఆ కారు చెడిపోయినప్పుడు సర్వీసు సెంటర్లో వాళ్ళకేం జరుగుతోందో మాత్రం మనం మాట్లాడుకోలేదు. కొత్త కారు బ్రేకులు ఏడాది తిరక్కుండానే అరిగిపోవడమనే చిన్న విషయం నుంచి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను వుండే నేరేడ్‌మెట్‌లో, చుట్టుపక్కల సైనిక్‌పురి, సఫిల్‌గూడ, మల్కాజ్‌గిరిలలో సొంతంగా కారు నడుపుకుంటూ ఉద్యోగానికి వెళ్ళే స్త్రీలు ఇప్పుడు చాలామందే వున్నారు. టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు. సరదాకి కొన్న కార్లు కావివి. బస్సు దిగి, ఆటో మారి, చీకటి పడ్డాక సందుల్లో నడిచి ఇల్లు చేరే అవస్థ తప్పించుకోడానికి కొన్నవి. ఇక్కడి రోడ్లమీద ఫర్లాంగుకో స్పీడ్ బ్రేకరు, మలుపుకో గొయ్యి. ఉదయం ఎనిమిది దాటితే నేరేడ్‌మెట్ చౌరస్తా చేరేదాకా కాలు బ్రేకు మీదనుంచి తీసే వీలే వుండదు. కాబట్టి ఇక్కడ బ్రేకులు కాస్త త్వరగా అరుగుతాయంటే కాదనను. నా అభ్యంతరం వేరే వుంది.

మా కాలనీలో ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని వున్నారు. తొమ్మిదేళ్ళుగా కారు నడుపుతున్నారు. పాతది అమ్మేసి కొత్తది కొని పదకొండు నెలలైంది, పది వేల కిలోమీటర్లు దాటింది. ముందు ఎడమ చక్రం దగ్గర ఇనుము ఇనుముతో గీసుకుంటున్న చప్పుడు వస్తుంటే కంపెనీ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళారు. అక్కడి అడ్వైజరు చక్రం విప్పించకముందే అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, బండి మీరే నడుపుతారా?" అవునన్నారావిడ. "అదే మరి. లేడీస్‌కి బ్రేకు మీద కాలు పెట్టి నడిపే అలవాటుంటుంది" అన్నాడతను. ముందు చక్రాల ప్యాడ్లు, రెండు డిస్కులు, కూలీ కలిపి 13,600 రూపాయల అంచనా చేతిలో పెట్టాడు. వారంటీ అడిగితే అరుగుదలకి వారంటీ వర్తించదన్నాడు.

ఆ కాగితం ఇంటికి చేరాక దాని అర్థం ఇంకొంచెం మారింది. "ఏడాదికే బ్రేకులు తినేసింది" అని అత్తగారు నవ్వారు. "రేపట్నుంచి నేనే దింపుతాలే" అన్నాడు భర్త. ఆ మాట ప్రేమగానే అన్నాడు, అందులో సందేహం లేదు. కానీ ఆవిడ జీతంతో కొన్న కారు తాళం అలా మర్యాదగానే చేతులు మారిపోయింది. రిపేరు ఖర్చు 13,600 రూపాయలే. ఇంట్లో చెల్లించాల్సి వచ్చిన మూల్యం అంతకంటే చాలా ఎక్కువ.

నా ఒత్తిడి మీద ఇద్దరం కారుని చౌరస్తా దగ్గర సందులో వున్న ఒక మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాం. రిపేరు చెయ్యొద్దు, విప్పి చూపిస్తే చాలు అని ముందే చెప్పాం. బయట చేయిస్తే వారంటీ పోయిందనడానికి కంపెనీకి ఒక సాకు దొరుకుతుంది. ఆయన ముందు చక్రాలు రెండూ విప్పి, ప్యాడ్లు నాలుగూ తీసి నేలమీద వరసగా పెట్టాడు. ఈ విషయం తెలిస్తే ఎవరి కారుకైనా పనికొస్తుంది కనక వివరంగా రాస్తున్నాను.

కాలు నొక్కగానే ప్రతి ముందు చక్రంలోనూ రెండు ప్యాడ్లు డిస్కుని రెండు పక్కలనుంచీ పట్టుకుంటాయి. కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సుమారు 10 మిల్లీమీటర్ల మందం వుంటుంది. అది రెండు మూడు మిల్లీమీటర్లకి వస్తే మార్చాలి. ఈ కారులో కుడి చక్రం ప్యాడ్లు రెండూ ఇంకా ఆరేసి మిల్లీమీటర్లున్నాయి. ఎడమ చక్రంలో బయటి ప్యాడు అయిదు. లోపలి ప్యాడు మాత్రం ఇనుప రేకు దాకా అరిగిపోయి డిస్కుని గీకేసింది. ప్యాడ్లని పట్టుకుని వుండే కాలిపర్ పిన్నుల మీద జారాలి. ఆ పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి, తుప్పు పట్టి, కాలిపర్ బిగుసుకుపోయింది. దాంతో కాలు తీసేసినా లోపలి ప్యాడు డిస్కుని పూర్తిగా వదలక రాసుకుంటూనే వుంది.

భాయ్ అన్న మాట ఇది: "అమ్మా, తొక్కే కాలు ఒక్కటే. ఒక్క చక్రంల ఒక్క దిక్కే అరిగితే కాలు తప్పెట్లయితది?"

ఇంతకంటే స్పష్టమైన తర్కం వుండదు. నడిపే తీరు వల్ల అరిగితే ఎడమా కుడీ ఇంచుమించు సమానంగా అరగాలి. ఒకవైపే అరిగిందంటే చూడాల్సింది భాగాన్ని, దాని బిగింపుని. ఈ సంగతి సర్వీసు సెంటరు వాళ్ళకి తెలియదని అనుకోలేం. తెలుసుకోవాల్సిన అవసరం వాళ్ళకి రాలేదు, అంతే. నడిపేది స్త్రీ అని తెలియగానే కారణం దొరికిపోయింది. చక్రం విప్పడం అనవసరమైపోయింది.

ఫొటోలతో, కొలతలతో ఉత్తరం రాసుకుని మళ్ళీ సర్వీసు సెంటరుకి వెళ్ళాం. ఈసారి మేనేజరే మాట్లాడాడు. విడిభాగాల ఖరీదులో సగం "గుడ్‌విల్" కింద తగ్గిస్తామన్నాడు. కారణం కాగితం మీద రాసిమ్మంటే మాత్రం ఒప్పుకోలేదు. హక్కుగా అడిగినదాన్ని దయగా ఇచ్చారు. దయ అయితే రికార్డులో వుండనక్కర్లేదు, ఇంకో స్త్రీ అదే ఫిర్యాదుతో వచ్చినప్పుడు జవాబు చెప్పనక్కర్లేదు.

ఇందులో "అరుగుదల" అన్న మాట చేసే పనిని మనం గమనించాలి. ప్యాడ్లు అరిగే వస్తువులే, వాటిని వారంటీలోంచి మినహాయించడంలో కొంత న్యాయం వుంది. కానీ ఆ మినహాయింపు రాగానే ప్రశ్న వస్తువు మీదనుంచి వాడే మనిషి మీదకి మళ్ళుతుంది. అప్పుడు సమాజం ఎవరిని ముందే చేతకానివాళ్ళుగా నిర్ణయించి పెట్టిందో వాళ్ళమీద ఖర్చు పడుతుంది. రోగం చెప్పుకోడానికి వెళ్ళిన స్త్రీకి పరీక్ష చెయ్యకుండానే "టెన్షన్ పెట్టుకోకండి" అని చెప్పి పంపడం మనకి తెలుసు. ఇదీ ఆ పద్ధతే. కొలవాల్సిన చోట స్వభావం గురించి తీర్పు చెప్పడం.

నిజానికి బ్రేకు చరిత్రలోనే స్త్రీ చెయ్యి వుంది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకులతో, భర్తకి చెప్పకుండా, ఆయన తయారు చేసిన మోటారు బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకి పైగా ప్రయాణం చేసింది. కొత్త బండే. దారిలో వాలుల మీద కొయ్య బ్రేకులు అరిగిపోయాయి. ఆమె ఒక చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించుకుంది. బ్రేకు లైనింగు ఆలోచనకి అదే మొదలని చెబుతారు. తిరిగొచ్చాక ఎత్తులెక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది. భర్త వ్యాపారం నిలబడ్డది పెళ్ళికి ముందు ఆమె తెచ్చిన కట్నం డబ్బుతో. 1886 నాటి పేటెంటు మాత్రం ఆయన పేరు మీదే. వివాహిత స్త్రీకి పేటెంటు హక్కుని అప్పటి అక్కడి చట్టం ఒప్పుకోలేదు. బ్రేకు అరగడంలోంచి యంత్రం లోపాన్ని చదివిన మొదటి మనుషుల్లో ఒక స్త్రీ వుంది. నూట ముప్పై ఏళ్ళకి పైగా గడిచాక అదే అరుగుదలలో స్త్రీ లోపాన్ని చదువుతున్నారు.

మగవాళ్ళని మాత్రం మోసం చెయ్యరా అని అడగొచ్చు. చేస్తారు. అయితే ఆ మోసం అందరికీ ఒకే కొలతలో పడదు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వెలువరించిన ఒక అధ్యయనంలో స్త్రీలచేత, పురుషులచేత రిపేరు షాపులకి ఫోను చేయించి ఒకే పనికి ధర అడిగించారు. ధర తెలియనట్టు మాట్లాడినప్పుడు స్త్రీలకి పురుషులకంటే ఎక్కువ చెప్పారు. ఇంత అవుతుందట కదా అని ఒక అంకె చెప్పి అడిగినప్పుడు ఆ తేడా మాయమైంది. అంటే షాపు వెల కట్టింది స్త్రీని కాదు, స్త్రీకి తెలియదన్న నమ్మకాన్ని. ఆ నమ్మకాన్ని ఒక అంకె పడగొట్టింది. మా ఉపాధ్యాయిని విషయంలో ఆరు, అయిదు, సున్నా అన్న అంకెలు చేసిన పనీ అదే.

ఇది మధ్యతరగతి బాధ అని కొందరు మిత్రులు అన్నారు. 2015లో తెలంగాణ ప్రభుత్వం షీ క్యాబ్స్ పేరుతో మహిళా డ్రైవర్లకి సబ్సిడీ మీద కార్లిచ్చే పథకం పెట్టింది. కారే జీవనాధారమైన స్త్రీకి బ్రేకు రిపేరంటే బిల్లు ఒక్కటే కాదు, బండి షెడ్డులో వున్నన్ని రోజుల కూలి పోవడం, వాయిదా తప్పడం. స్త్రీల చేతికి బండ్లిచ్చే పథకాలు ఆ బండి విప్పినప్పుడు లోపలేముంటుందో కూడా నేర్పాలి.

చట్టం మనకి ఏమీ ఇవ్వలేదని కాదు. 1986 చట్టం స్థానంలో వచ్చి 2020 జూలై నుంచి అమలవుతున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం, వస్తువు నాణ్యత గురించి తెలుసుకునే హక్కుని స్పష్టంగా చెప్పింది. సేవాలోపం మీదే కాక లోపమున్న వస్తువు వల్ల కలిగిన హాని మీద కూడా తయారీదారుని నిలదీయొచ్చు. కంపెనీ ఎక్కడున్నా సరే, మనం వుండే చోటి జిల్లా కమిషన్లోనే, రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయొచ్చు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. చెల్లించిన విలువ 5 లక్షల లోపైతే రుసుము లేదు, 10 లక్షల లోపైతే 200 రూపాయలు. ముందుగా సలహా కావాలంటే జాతీయ హెల్ప్‌లైన్ 1915 వుంది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని ఒక హ్యుందాయ్ కారు కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లో ఇచ్చిన తీర్పు మనకి ముఖ్యం. ఢీకొన్న వేగాన్నీ శక్తినీ లెక్కగట్టేటంత భౌతికశాస్త్రం కొనుగోలుదారుకి తెలిసి వుండాలని ఆశించకూడదని కోర్టు అభిప్రాయపడింది. సాంకేతిక జ్ఞానం లేకపోవడం మన నేరం కాదన్నమాట.

అయితే కమిషన్ దాకా వెళ్ళాలంటే చేతిలో కాగితం వుండాలి. ఆ కాగితమే ఇవాళ మనకి దొరకనిది. కాబట్టి అడగాల్సినవి ఇవి: కారు అమ్మేటప్పుడే ఏ భాగాలకి వారంటీ లేదో, అవి మామూలుగా ఎన్ని కిలోమీటర్లు వస్తాయో రాసివ్వాలి. ప్రతి సర్వీసులో ప్రతి ప్యాడు మందం మిల్లీమీటర్లలో జాబ్ కార్డు మీద ఎక్కించాలి. తీసేసిన పాత భాగాలు మనకి తిరిగివ్వాలి. వారంటీ నిరాకరిస్తే కారణాన్ని సంతకంతో ఇవ్వాలి. "మీరు నడిపే తీరు" అన్నది కారణమైతే, దాన్ని ఏ కొలత చెబుతోందో కూడా రాయాలి.

మహిళా సంఘాలు చెయ్యగల పని కూడా వుంది. న్యాయ సలహా శిబిరాలు పెట్టినట్టే, ఒక ఆదివారం కాలనీలో ఒక మెకానిక్‌ని పిలిచి చక్రం విప్పించి చూద్దాం. ఆ పనికి ఆయనకి కూలీ ఇద్దాం. ఆయన జ్ఞానానికి ఏ షోరూమూ విలువ కట్టదు. నేరేడ్‌మెట్‌లో వచ్చే నెల ఇది మొదలుపెడుతున్నాం. మీ ప్రాంతంలో ఇలాంటి అనుభవాలుంటే బిల్లుల నకళ్ళతో సహా పత్రికకి రాయండి. విడివిడిగా వుంటే ఒక్కొక్కటీ ఒక ఆడమనిషి చేతకానితనంగా కనిపిస్తుంది. వాటిని ఒకచోట చేరిస్తే ఏ భాగం ఎక్కడ చెడుతోందో, ఎవరు దాస్తున్నారో తెలుస్తుంది.