మన గోడల మీద ఎవరి సరుకు?



భిలాయి ఉక్కు నగరానికి వెళ్ళినప్పుడు అక్కడి తెలుగువారి ఇంట ఒక పూటయినా భోజనం చేయకుండా తిరిగిరావడం మాకు అలవాటు లేదు. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల నుండి పొట్ట చేతపట్టుకొని వెళ్ళి, ఆ కర్మాగారంలో చెమటోడ్చి, అక్కడే స్థిరపడిన కుటుంబాలు అవి. ఇటీవల అటువంటి ఒక క్వార్టరులో, రైలు మిల్లులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయన ఇంట, ముందుగదిలో కొత్త పటాలు రెండు చూశాము. మంచి అద్దం, నల్లని చట్రం. లోపల దేవుడూ లేడు, దేశనాయకుడూ లేడు. ఒక దానిలో ఎరుపు తెలుపు రంగుల సూపు డబ్బా. రెండవ దానిలో మనం అందరమూ ఎరిగిన ఒక బిస్కట్ పొట్లం.

"ఇది పాప్ ఆర్ట్, పెదనాన్నా. అమెరికాలో ఆండీ వార్హోల్ అనే ఆయన వేసిన బొమ్మకు ముద్రణ" అని ఆ ఇంటి చదువుకున్న కుమారుడు మాకు వివరించాడు. ఆన్‌లైన్ దుకాణంలో తెప్పించాడట. రెండింటి వెలా వెయ్యి రూపాయలకు పైమాటే. ఆ సూపు ఎప్పుడైనా తాగారా అని అడిగాము. "మన ఇంట చారే కదా అన్నయ్యగారూ సూపు!" అని తల్లి నవ్వింది. ఆ గోడ మీద లోగడ వేరొక ఫోటో ఉండేది. పెద్దాయన పదవీ విరమణ దినాన తన షిఫ్టు వారందరితో కలిసి దిగినది. అదేమయిందని అడిగితే ఆయన మాటాడక అటక వైపు చూశాడు.

ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఆ చూపే.

మేము చిత్రకళకు శత్రువులము కాము. ప్రకటన అన్నంతనే ముఖం చిట్లించేవారమూ కాము. 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రికను నెలకొల్పి జాతికి ధారపోశారు. సరుకుల బొమ్మలు మన ఇండ్లకు కొత్తవీ కావు. శివకాశిలో అచ్చయిన క్యాలెండరు మీద లక్ష్మీదేవి ఉండేది, ఆమె పాదాల క్రింద సబ్బుల కంపెనీ పేరో ఎరువుల కొట్టు పేరో ఉండేది. కొట్టువాడు దానిని ఉచితంగా ఇచ్చేవాడు. ఇల్లాలు దాని మీద పాల లెక్క వేసుకొనేది, గ్యాసు బండ వచ్చిన తేదీకి సున్న చుట్టేది, రాహుకాలం చూసుకొనేది. డాల్డా డబ్బా ఖాళీ అయితే అందులో తులసి మొక్క నాటేవారు. సరుకు మన ఇంటికి వచ్చి మన చాకిరీ చేసేది. నేడు కంపెనీ వారి ప్రకటనను మనమే వెల పెట్టి కొంటున్నాము, అద్దం బిగించి తుడుస్తున్నాము. పైగా అందులో తేదీలు కూడా లేవు!

ఇంతకీ ఎవరీ వార్హోల్? 1928లో పిట్స్‌బర్గులో, అనగా అమెరికా ఉక్కు నగరంలో, తూర్పు ఐరోపా నుండి పొట్టకూటికి వలస వచ్చిన ఒక కూలివాని ఇంట పుట్టినవాడు. ఒక విధంగా భిలాయి క్వార్టర్ల పిల్లలకు వేలువిడిచిన బంధువే. 1962లో లాస్ ఏంజెలిస్‌లో 32 సూపు డబ్బాల బొమ్మలు ప్రదర్శించి పేరు పొందాడు. తరువాత న్యూయార్కులో తన చిత్రశాలకు 'ఫ్యాక్టరీ' అని నామకరణం చేశాడు. సైరను లేని ఆ ఫ్యాక్టరీలో కూడా కూలి మాత్రం ఉన్నది. 1963లో రంగు పూసి తెర లాగే పనికి కుదిరిన సహాయకునికి గంటకు డాలరుంబావు ఇచ్చారు. ఆ కాలంలో తయారయిన ఒక మార్లిన్ మన్రో చిత్రం 2022 మే నెలలో సుమారు 19 కోట్ల 50 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. భాగహారం మీరే చేసుకొనండి.

ఇంకొక సంగతి వినండి. 1964లో ఆయన ప్రదర్శించిన 'బ్రిల్లో' పెట్టెలు జగత్ప్రసిద్ధాలు. అంట్లు తోమే పీచు రవాణా చేసే అట్టపెట్టెకు అవి చెక్కతో చేసిన నకళ్ళు. అసలు అట్టపెట్టెకు ఆ ఎరుపు నీలి అక్షరాలు కూర్చినవాడు జేమ్స్ హార్వీ అనే మరొక చిత్రకారుడు. పగలు పొట్టకోసం పెట్టెలు చిత్రించి, మిగిలిన వేళ తన స్వంత చిత్రాలు వేసుకొనేవాడు. మరుసటి ఏడే, 1965లో, మరణించాడు. నకలు చేసినవాని పేరు లోకానికి తెలుసు. అసలు పనివాని పేరు మీలో ఎందరు విన్నారు?

'అయ్యా, మీకు మర్మం తెలియలేదు. ఆయన సరుకుల సంస్కృతిని వెక్కిరించాడు' అని కొందరు విద్యాధికులు వాదిస్తారు. 1962లో వెక్కిరించాడేమో, మేము కాదనము. కాని 2012లో ఆ సూపు కంపెనీయే తన డబ్బాలకు వార్హోల్ శైలి కాగితాలు అంటించి అమ్ముకొన్నది. ఎవరిని వెక్కిరిస్తే వాడే ఆ వెక్కిరింతను సరుకు చేసి లాభం తీస్తున్నప్పుడు, దానిని మన గోడకెక్కించి మనమెవరిని వెక్కిరిస్తున్నట్లు?

పిట్స్‌బర్గు పేరు వచ్చింది కనుక చెబుతున్నాము. ఆ నగరపు పొరుగున హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారంలో 1892 జూలైలో సమ్మెను అణచడానికి యాజమాన్యం సాయుధ కిరాయి బలగాన్ని దింపింది, రక్తం పారింది. అది చేయించిన హెన్రీ ఫ్రిక్ గొప్ప చిత్రసేకర్త! న్యూయార్కులో ఆయన భవనం నేడు ప్రఖ్యాత చిత్రశాల. సరిగ్గా నూరేండ్లకు, 1992 జూలై 1న, భిలాయి పవర్ హౌస్ స్టేషను పట్టాల మీద కూర్చొన్న కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. అంతకు తొమ్మిది నెలల క్రితమే, 1991 సెప్టెంబరు 28న, వారి నాయకుడు శంకర్ గుహా నియోగీని భిలాయిలోనే నిద్రలో ఉండగా కాల్చి చంపారు. పర్మనెంటు కాని, క్వార్టరు లేని ఆ కాంట్రాక్టు శ్రామికుల గుడిసెలలో ఆయన పటం మేము చూశాము. రేకు గోడకు మేకుతో కొట్టిన కాగితం, అద్దం లేదు. ఆ గోడ ఎవరిదో చెప్పనక్కరలేదు.

గ్యాంగు పని చేసే మన సోదరులకు తెలియనిది కాదు: పట్టా ప్రక్కభాగాన ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి. తయారుచేసిన సంస్థ, పట్టా రకం, నెల, సంవత్సరం. 1960 నుండి భిలాయి మిల్లు ఈ దేశానికి పట్టాలు పోస్తున్నది. ఆ అక్షరాలలో కూడా పనివాని పేరు లేదన్నది నిజమే. అయినా ఆ నెల, ఆ సంవత్సరం ఏ షిఫ్టు నడిచిందో మిల్లులో చెప్పగలవారు ఉన్నారు. అటక మీది ఫోటోలో ఉన్నవారు వారే.

తపాలా సోదరులకు ఇంకొక బొమ్మ గుర్తుచేస్తాము. 1955 జనవరి 26న పంచవర్ష ప్రణాళిక పేర తపాలా బిళ్ళలు విడుదల అయినవి. ట్రాక్టరు, మరమగ్గం, రాట్నం వడికే స్త్రీ, చిత్తరంజన్ రైలింజన్ల కర్మాగారం. సరిగ్గా వారం తరువాత, ఫిబ్రవరి 2న, భిలాయి కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ప్రభుత్వం వేసిన బొమ్మలే కనుక అందులో ప్రచారం లేదని మేము అనము. అయితే ఆ అంగుళం కాగితం మీద కొనే వస్తువు లేదు, చేసే పని ఉన్నది. కోట్ల ఇండ్లకు దానిని చేర్చినవారు మీరే. నేడు సూపు డబ్బా పటాన్ని అట్టగొట్టంలో చుట్టి మోసుకు వెళ్ళేదీ మీలోనివారే కావడం మాకు నవ్వూ తెప్పిస్తున్నది, కోపమూ తెప్పిస్తున్నది.

ఆ కుమారుణ్ణి మేము నిందించలేదు. వానికి ఎర్రరంగు నచ్చింది. అంతకంటె ఆకర్షించే బొమ్మను మన సంఘాలు వాని ముందు పెట్టలేదు. ఇది మా తప్పు కూడా. సభల బ్యానర్లు, పూలదండల ఫోటోలు, పది మంది నాయకుల ముఖాలు తప్ప ఏండ్ల తరబడి మనం ఏమి అచ్చువేశాము? వార్హోల్ వాడిన పద్ధతిలో రహస్యమేమీ లేదు: గుడ్డ బిగించిన చట్రం, రంగు, రబ్బరు పలక. సినిమా పోస్టర్లవారు, బట్టల అద్దకంవారు, సైను బోర్డులవారు మన ఊళ్ళలో ఎప్పటినుండో ఎరిగినదే. ఆ పనిలో చేయి తిరిగినవారు మన శాఖలలోనూ ఉన్నారు.

కనుక వచ్చే ఏటి క్యాలెండరును ఈ పద్ధతిలోనే వేయాలని మేము ప్రతిపాదిస్తున్నాము. తేదీలు పెద్దవిగా ఉంటాయి, పాల లెక్కకు చోటు ఉంటుంది. నాయకుల ముఖాలు ఉండవు, మాతో సహా. భిలాయి పెద్దాయన ఆ మధ్యాహ్నమే అటక మీది ఫోటో దించి, దుమ్ము తుడిచి, ఒక్కొక్కరి పేరూ వ్రేలితో చూపుతూ చెప్పాడు. కుమారుడు కాగితం తెచ్చి వ్రాసుకొన్నాడు. జనవరి పుట దానికి కేటాయించాము. తక్కిన పదకొండు నెలలు ఖాళీగా ఉన్నవి. గ్యాంగుమెన్, పాయింట్స్‌మెన్, సార్టర్లు, గ్రామీణ డాక్ సేవకులు, భిలాయి కాంట్రాక్టు శ్రామికులు తమ పనిచోటి ఫోటోలను శాఖా కార్యదర్శులకు అందజేయవలసినది. ఫోటో వెనుక అందులో ఉన్న ప్రతివారి పేరూ, పనీ, చోటూ విధిగా వ్రాయండి.