హేండెల్ గారు విడిచిన ఆస్తి



క్రిస్మస్, ఈస్టరు పండుగలలో గాయక బృందాలు పాడే "హల్లెలూయ" కోరస్‌ను మనలో అనేకులు విన్నాము. దానిని కూర్చిన జార్జి ఫ్రెడరిక్ హేండెల్ గారిని గూర్చి ఈ నెల తెలిసికొందాము.

ఆయన 1685లో జర్మనీలోని హాలె పట్టణంలో జన్మించారు. తండ్రి శస్త్రవైద్యుడు, తల్లి లూథరన్ పాదిరిగారి కుమార్తె. కుమారుడు న్యాయశాస్త్రం చదవాలని తండ్రి కోరిక. పన్నెండేండ్లు నిండకముందే ఆ తండ్రి చనిపోయారు. హేండెల్ గారు సంగీతమునే పట్టుకొని ఇటలీ వెళ్ళి, తరువాత 1712లో లండనులో స్థిరపడ్డారు. 1727లో ఆ దేశపు పౌరుడయ్యారు. వివాహం చేసుకోలేదు.

1737లో పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. కోలుకున్నారు గాని, ఆయన సంగీత నాటకాలకు ఆదరణ తగ్గిపోయింది. అట్టి దినాలలో, 1741లో, చార్లెస్ జెన్నెన్స్ గారు బైబిలు వచనాలనేరి కూర్చి ఇవ్వగా, 24 దినాలలో "మెస్సీయ" రచించారు.

దానిని మొదటిసారి 1742 ఏప్రిల్ 13న ఐర్లాండులోని డబ్లిన్ పట్టణంలో వినిపించారు. ఎక్కువమంది పట్టుటకు స్త్రీలు వెడల్పాటి గౌనులు, పురుషులు కత్తులు ధరించి రావద్దని ముందే ప్రకటించారు. ఆ రాబడిని రెండు ఆసుపత్రులకు, అప్పు తీర్చలేక చెరసాలలో ఉన్నవారికి పంచారు. 142 మంది విడుదలై ఇండ్లకు చేరారు! అప్పు బాధ ఎట్టిదో మన పల్లె కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

1750 నుండి లండనులో, కన్నవారు పెంచలేక విడిచిన శిశువుల ఆశ్రమం కొరకు ఏటేటా "మెస్సీయ" వినిపించారు. చివరి సంవత్సరాలలో చూపు పోయినను సంగీతం మానలేదు. 1759లో గుడ్‌ఫ్రైడే మరునాడు, ఏప్రిల్ 14న, కన్నుమూశారు. వీలునామాలో జర్మనీలోని మేనకోడలిని మరువలేదు. బీద సంగీతకారులకు 1000 పౌన్లు, ఆ శిశువుల ఆశ్రమానికి "మెస్సీయ" ప్రతిని వ్రాసి ఇచ్చారు. కన్నబిడ్డలు లేని ఆయన తన ఆస్తిలో బీదలను, అనాథలను కూడ తలంచుకొన్నారు.

ప్రియులారా, పిల్లలకు ఎకరం పొలమైనా విడిచిపోవాలని మనం కష్టపడతాము. అది తప్పు కాదు. అయితే మన ఊరిలో అప్పులతో కృంగిన ఇల్లు ఏది? తల్లిదండ్రులు లేని బిడ్డ ఎవరు? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ పేర్లు పిల్లలతో చెప్పించండి. ఈ పంటలో వారికొక పాలు తీసిపెట్టండి. మనం పెట్టినది మన పిల్లలు చూచి నేర్చుకొంటే, అదియు మనం వారికి విడిచే ఆస్తియే.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమెన్.