ప్రభుత్వాన్ని నిలదీయండి, యూదులను కాదు

ఇజ్రాయెల్ ప్రభుత్వం మీది కోపం యూదుల మీద ద్వేషంగా మారుతోంది. తెలుగు వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆ విషం పారుతోంది. ఇప్పుడే అడ్డుకోవాలి.

2023 అక్టోబర్ 29న రష్యాలోని దాగెస్తాన్‌లో ఒక గుంపు మఖచ్‌కలా విమానాశ్రయంలోకి చొరబడి, టెల్ అవీవ్ నుంచి వచ్చిన విమానంలో యూదులెవరున్నారో వెతికింది. 2025 అక్టోబర్ 2న, యూదుల పవిత్ర దినమైన యోమ్ కిప్పూర్ నాడు, మాంచెస్టర్‌లో ప్రార్థనకు వచ్చినవారిపై దాడి జరిగి ఇద్దరు చనిపోయారు. అదే ఏడాది డిసెంబర్ 14న సిడ్నీ బాండై బీచ్‌లో యూదుల హనుక్కా వేడుకపై కాల్పులు జరిపి 15 మందిని పొట్టనబెట్టుకున్నారు. గాజాపై బాంబులు వేయాలని నిర్ణయించింది ఈ దాడులకు గురైనవాళ్లు కాదు.

గాజా గురించి మాత్రం గట్టిగా మాట్లాడాల్సిందే. 2023 అక్టోబర్ 7న హమాస్ సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయింది. ఆ తర్వాతి యుద్ధంలో పదుల వేల మంది పాలస్తీనియన్లు చనిపోయారు. ఇజ్రాయెల్ ప్రధానిగా ఆ యుద్ధం నడిపిన నెతన్యాహుపై అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 నవంబర్‌లో అరెస్టు వారెంటు జారీ చేసింది. ఇవన్నీ ఎత్తిచూపడం యూదు ద్వేషమనేవారు, 2023లో నెతన్యాహుకు వ్యతిరేకంగా వారం వారం వీధుల్లోకి వచ్చిన ఇజ్రాయెలీలకు ఏమని జవాబు చెబుతారు? తమ ప్రభుత్వం జాతిహననానికి పాల్పడుతోందని 2025 జులైలో ప్రకటించిన బెత్సెలెమ్ కూడా ఇజ్రాయెలీ మానవ హక్కుల సంస్థే.

ప్రభుత్వం అనాల్సినచోట ‘యూదులు’ అన్నప్పుడే హద్దు దాటాం. బ్యాంకులు, మీడియా వాళ్ల గుప్పిట్లోనే ఉన్నాయనడం 1903లో రష్యాలో అచ్చయిన ‘ప్రోటోకాల్స్’ అనే పుస్తకం నాటి అబద్ధం. అది దొంగ పుస్తకమని లండన్ ‘టైమ్స్’ 1921లోనే బయటపెట్టింది. అయినా నాజీలు దాన్ని పంచిపెట్టారు. చివరికి 60 లక్షల మంది యూదులను చంపారు. ‘యూదులు’ తీసేసి ‘జియోనిస్టులు’ అని పెట్టినంత మాత్రాన ఆ అబద్ధం నిజమైపోదు. ఇక ‘హిట్లర్ చేసిందే కరెక్టు’ అని రాసేవారికి ఒక మాట: గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. మీ రాతలు వాళ్లూ చదువుతారు.

యూదు ద్వేషమనే నిందను అధికారం చేతిలో ఉన్నవారు దుర్వినియోగం చేయడమూ అంతే ప్రమాదకరం. యూదు ద్వేషానికి 2016లో అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక కూటమి (ఐహెచ్‌ఆర్‌ఏ) ఆమోదించిన నిర్వచనమే, ఏ దేశాన్నైనా విమర్శించినట్టు ఇజ్రాయెల్‌ను విమర్శిస్తే అది యూదు ద్వేషం కాదని చెబుతోంది. విశ్వవిద్యాలయాల్లో నోళ్లు మూయించడానికి దాన్ని వాడొద్దని, ఆ ముసాయిదాలో ప్రధాన పాత్ర పోషించిన కెన్నెత్ స్టెర్న్ మొత్తుకుంటూనే ఉన్నారు. అయినా వలసదారుల సోషల్ మీడియాలో యూదు వ్యతిరేకత కోసం వెతుకుతామని అమెరికా ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. అక్కడ చదువుతున్న మన పిల్లలకు ఇది నేరుగా తగులుతుంది. భయపడి గాజాను మరిచిపొమ్మని మేం చెప్పం. ఏ మంత్రి, ఏ నిర్ణయం, ఏ దాడి అన్నది పేరు పెట్టి రాయండి. గ్రూపులో ఎవరైనా ‘ఈ యూదులంతా’ అని మొదలుపెడితే, అక్కడే, అందరి ముందే ఖండించండి.