కార్యాలయపు కంప్యూటర్‌కు కులం ఉందా?

1917లో బరోడా సంస్థానం కొలువులో చేరిన అంబేడ్కర్ బల్ల మీదికి బంట్రోతులు ఫైళ్లను దూరం నుంచే విసిరేవారని ఆయన జీవితచరిత్రలు చెబుతున్నాయి. కొలంబియాలో చదివి వచ్చిన అధికారికి దక్కిన మర్యాద అది. ఇప్పుడు ఫైలు కంప్యూటర్‌లోకి చేరింది, విసరాల్సిన పని లేదు. మరి కులం ఎక్కడికి చేరింది? ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో కూర్చుని నేనీ ప్రశ్న అడగడానికి కారణం ఉంది.

మా బంధువుల అబ్బాయి ఇదే రాష్ట్రంలో, వేరే పట్టణంలో, ఒక పురపాలక కార్యాలయంలో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ ఆపరేటర్. ఏప్రిల్ 14న తన కంప్యూటర్ తెర మీద బాబాసాహెబ్ ఫొటో పెట్టుకున్నాడు. ఆఫీసు సొత్తు సొంతానికి వాడకూడదని పై ఉద్యోగి తీయించాడు. పక్క తెర మీద ఏడాది పొడుగునా దేవుడి బొమ్మ ఉంటుంది. మధ్యాహ్నం ఇంకో తెర మీద క్రికెట్ నడుస్తుంది. వాటికి ఏ అభ్యంతరమూ లేదు.

"ఏ నియమం ప్రకారం తీయించారో కాగితం చూపించమని అడగరా" అన్నాను.

"అడిగితే వచ్చే నెల నా కాంట్రాక్టు ఉంటుందా మామయ్యా?" అన్నాడు.

నేను నియమాలకు వ్యతిరేకిని కాను. పురపాలక కంప్యూటర్లలో జనన మరణాల నమోదు, ఇంటి పన్ను, లబ్ధిదారుల ఆధార్, కులం వివరాలు ఉంటాయి. అవి ఎవరి వాట్సాప్‌లోనో తిరగడం నేరం. ఒకరి పాస్‌వర్డ్‌తో నలుగురు పనిచేసే చోట రికార్డు మారితే, నింద లాగిన్ ఎవరి పేరుతో ఉంటే వారి మీద పడుతుంది. చాలాసార్లు అది చిరుద్యోగి పేరే. కాబట్టి కట్టుదిట్టమైన నియమం ముందుగా కాపాడేది మనవాళ్లనే.

కేంద్ర ప్రభుత్వం తన ఐటీ వనరుల వాడకంపై 2015లో ఒక విధానాన్ని నోటిఫై చేసింది. రాష్ట్రాలు కూడా కోరుకుంటే దాన్ని స్వీకరించవచ్చు. భద్రత కోసం ప్రభుత్వ పరికరాల్లోని ఫైళ్లను, సందేశాలను పరిశీలించే అధికారం అందులో ఉంది. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడొద్దని తన ఉద్యోగులకు చెప్పింది. నచ్చినా నచ్చకపోయినా అవి రాతలో ఉన్నాయి. రాతలో ఉన్నదాన్ని ప్రశ్నించవచ్చు, కోర్టుకు తీసుకెళ్లవచ్చు. పై ఉద్యోగి నోటిమాటను ఎక్కడికి తీసుకెళ్తాం?

చిన్న ఆఫీసుల్లో చూసీ చూడనట్టు పోవడమే మానవత్వమని కొందరంటారు. ఆ చూసీ చూడకపోవడం ఎవరి విషయంలో జరుగుతోందన్నదే నా ప్రశ్న.

నిఘా బరువు కూడా కిందికే దిగుతోంది. అంబేడ్కర్ 1956లో బౌద్ధం స్వీకరించిన నాగపూర్‌లోనే నగరపాలక సంస్థ పారిశుద్ధ్య కార్మికుల చేతికి జీపీఎస్ గడియారాలు కట్టింది. వీధి ఊడ్చే మనిషి అడుగడుగూ లెక్కకు వస్తుంది. ఏసీ గదిలో తెర ముందు గడిచే గంటల లెక్క ఎవరు అడుగుతున్నారు? 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. దానిలో రాజ్యం జోక్యం చేసుకోవాలంటే చట్టం ఆధారం ఉండాలి, అవసరానికి మించకూడదు. అదే ఏడాది యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం బర్బులెస్కు కేసులో, ఉద్యోగి సందేశాలపై నిఘా ఉంటుందా, ఎంత మేరకు ఉంటుందన్నది ముందే తెలియజేశారా అన్నది చూడాలని చెప్పింది.

మా ఊరికి ఇంకో మాట కూడా ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. రైలు పనికి వచ్చి ఇక్కడే తరాలు గడిపిన తెలుగువాళ్లకు అది గౌరవమే. అయితే ఆఫీసు కంప్యూటర్‌లో అనుమతి లేనిదేదీ చేర్చకూడదన్న నియమం తెలుగు కీబోర్డుకు కూడా అడ్డుపడితే ఆ హోదా కాగితం మీదే మిగులుతుంది. ఏది నిషేధమో రాసేటప్పుడు ఏది హక్కో కూడా రాయాలి.

కాబట్టి ప్రతి పురపాలక సంఘం నాలుగు పనులు చేయాలి. కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకంపై నియమాలు రాసి, సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ కింద బయట పెట్టాలి. కమిషనర్‌కూ కాంట్రాక్టు ఆపరేటర్‌కూ అవే నియమాలు వర్తించాలి. విరామ సమయంలో కొద్దిపాటి సొంత వాడకాన్ని, కుల వివక్షపై ఫిర్యాదు పంపుకోవడాన్ని స్పష్టంగా అనుమతించాలి. చర్య తీసుకునే ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి, ఉద్యోగి చెప్పేది వినాలి.

పరిశోధక విద్యార్థులకు నాదొక విన్నపం. మీ ఊరి పురపాలక సంఘానికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. నియమాల ప్రతి అడగండి. గత మూడేళ్లలో ఆ నియమాల కింద ఎంతమందిపై చర్య తీసుకున్నారు, వారిలో కాంట్రాక్టు ఉద్యోగులెందరు అని కూడా అడగండి. మా అబ్బాయి అడగలేని ప్రశ్న అది. మీకు కాంట్రాక్టు పోతుందన్న భయం లేదు.