మోటారు పోయింది, గాజు పోలేదు

రైతన్నలూ, నా 50 ఎంఎం లెన్స్‌కి ఆటోఫోకస్ చెడిపోయింది. బటన్ నొక్కితే గుర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతది, ఎక్కడా ఆగదు. 2021లో నల్ల తామర పురుగొచ్చి మిరప పూత రాలినప్పుడు, ఆ చేనును అందరికీ చూపించింది ఈ లెన్సే.

రిపేరుకిస్తే "దండగ, కొత్తది కొనుక్కో" అన్నారు. బోరు మోటారు కాలితే వైండింగ్ చేయించుకుంటాం గానీ బోరు పూడ్చేస్తామా?

గాజు మంచిగనే ఉంది. పక్కనున్న స్విచ్ ఎంఎఫ్‌కి మార్చి, స్క్రీన్ మీద బొమ్మ పెద్దగా చేసుకొని, రింగు చేత్తో తిప్పుతున్నా. ఎగిరే పిట్ట దొరకదు, ఒప్పుకుంటా. ఆకు, పూత, కాయ దొరుకుతయ్.

కంపెనీలు ఆ చిన్న మోటారు విడిగా అమ్మాలి. అప్పటిదాకా మీరు కూడా పారేయకండి, ఒకసారి చేత్తో తిప్పి చూడండి.