పరంజాకి ఉన్న జాగ్రత్త బ్యాంకు ఖాతాకి ఏదీ?

సోనాపూర్ క్యాంపులో జీతం పదిరోజులు ఆలస్యమైతే ఎలా ఉంటుందో ఈ పేజీ చదివే సోదరులకు మేం చెప్పనక్కర్లేదు. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తి ఆగదు, పిల్లల స్కూలు ఫీజు ఆగదు. రెండేళ్ల క్రితం మా కంపెనీలో జీతాలు ఏకంగా నలభై రోజులు ఆగిపోయాయి. పని లేక కాదు, అర్బాబ్ మోసం చేసీ కాదు. ఒక్క ఈ-మెయిల్ వల్ల.

మాది దుబాయ్‌లో చిన్న సబ్ కాంట్రాక్టు కంపెనీ. బ్లాకు పని, ప్లాస్టరింగు చేస్తాం. అల్ కూజ్‌లో రెండు గదుల ఆఫీసు, మేస్త్రీలూ హెల్పర్లూ డ్రైవర్లూ అంతా కలిపి డెబ్భై మంది. పాలిటెక్నిక్ డిప్లొమా చదివి వచ్చిన సూపర్‌వైజర్లం నలుగురం. ఒకరోజు బ్లాకులు సప్లయ్ చేసే కంపెనీ పేరుతో మెయిల్ వచ్చింది. మా పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, ఈ నెల బిల్లు కొత్త ఖాతాకి వేయండి అని. బిల్లు నంబరు కరెక్టే, మొత్తం కరెక్టే, కింద ఉన్న మేనేజరు పేరూ కరెక్టే. అకౌంట్స్ చూసే కేరళ కుర్రాడు 1,86,000 దిర్హాములు పంపేశాడు. తర్వాత చూస్తే ఆ మెయిల్ అడ్రసులో ‘ఎమ్’ ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ పక్కపక్కన ఉన్నాయి. ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రాస్తే రెండూ ఒకేలా కనపడతాయి. రోజుకి యాభై మెయిళ్లు చూసేవాడికి అది ఎక్కడ దొరుకుతుంది?

మరి దొంగలకి బిల్లు నంబరు ఎలా తెలిసింది? అక్కడే అసలు కథ ఉంది. అంతకు రెండు నెలల ముందు సైటు క్యాబిన్లో మా స్టోర్‌కీపర్‌కి పార్సిల్ వచ్చిందని ఒక లింకు వచ్చింది. నొక్కితే మెయిల్ పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాడు. ఆ మెయిల్‌ని నలుగురం వాడతాం. పాస్‌వర్డ్ కంపెనీ పేరు పక్కన ఒకటి రెండు మూడు. కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించి కూడా ఉండేది. ఇందులో మా తప్పు లేదని ఎలా అంటాం? ఆ రోజు నుంచి మా డెలివరీ చలాన్లు, బిల్లులు అన్నీ ఎవడో ఎక్కడో కూర్చుని చదువుతూనే ఉన్నాడు. బిల్లు కట్టే రోజు కోసం ఓపికగా కాచుకున్నాడు.

ఇంతకన్నా మమ్మల్ని బాధపెట్టింది ఇంకోటి ఉంది. డబ్బు పంపిన రోజు సాయంత్రమే ఆ కుర్రాడికి అనుమానం వచ్చిందట. కానీ నోరు విప్పలేదు. ఎందుకంటే అంతకు ముందు ఏడాది ఒక డ్రైవరు తప్పుడు చోట సిమెంటు దింపితే నష్టమంతా అతని జీతంలో కోశారు. అది అందరం చూశాం. కుర్రాడు నాలుగు రోజులు అన్నం సరిగా తినకుండా తిరిగాడు. చివరికి సప్లయర్ ఫోన్ చేసి డబ్బు ఏదని అడిగితే బయటపడింది. బ్యాంకుకి పరుగెత్తితే, అదే రోజు వచ్చి ఉంటే ఆపడానికి ఏదైనా దారి ఉండేది, ఇప్పుడా ఖాతాలో ఏమీ లేదన్నారు. సప్లయర్ బ్లాకులు ఆపాడు, పని ఆగింది, మెయిన్ కాంట్రాక్టరు మా బిల్లు ఆపాడు, ఆఖరికి జీతాలు ఆగాయి. మెయిల్ అంటే ఏమిటో తెలియని హెల్పర్ల జీతాలు కూడా.

మా అభిప్రాయం ఒక్కటే. నొక్కినవాడి జీతం కోసే కంపెనీలో ఎవడూ నిజం చెప్పడు. దొంగకి కావలసిందీ అదే, ఆ నాలుగు రోజులు.

చిన్న కంపెనీని ఎవడు దోచుకుంటాడులే అని మా అర్బాబ్ అనేవాడు. 2013లో అమెరికాలో టార్గెట్ అనే పెద్ద దుకాణాల సంస్థ నుంచి దాదాపు 4 కోట్ల బ్యాంకు కార్డుల వివరాలు పోయాయి. దొంగలు దూరింది ఆ దుకాణాలకి రిఫ్రిజిరేషన్ పనులు చేసే ఒక చిన్న కాంట్రాక్టరు పాస్‌వర్డ్‌తో. అంటే మనలాంటి సబ్ కాంట్రాక్టరే. 2012లో సౌదీ అరామ్‌కోలో సుమారు 30 వేల కంప్యూటర్లు వైరస్‌తో పాడైతే అంత పెద్ద సంస్థ కాబట్టి తట్టుకుంది. డెబ్భై మంది కంపెనీకి లక్షన్నర, రెండు లక్షల దిర్హాములు పోతే లేవడమే కష్టం.

ఇక్కడ చట్టాలు లేక కాదు. సైబర్ నేరాలపై 2021లో తెచ్చిన చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, దుబాయ్ పోలీసుల ఈ-క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మేమూ చేశాం. కానీ సరిహద్దు దాటిన డబ్బు వెనక్కి రావడం అంత తేలిక కాదు.

ఆ తర్వాత కంపెనీ శిక్షణ పెట్టించింది. ఆఫీసులో గంటసేపు ఇంగ్లీషు స్లైడ్లు. ‘ఫిషింగ్’ అన్న మాట పదిసార్లు వినపడింది. బయటికొచ్చాక మా సిద్దిపేట స్టోర్‌కీపర్, “అన్నా, చేపల సంగతి మనకెందుకు?” అన్నాడు. నవ్వొచ్చింది గానీ, తప్పు అతనిది కాదు. సైటులో రోజూ పొద్దున టూల్‌బాక్స్ టాక్ చెప్తాం కదా, ఎండదెబ్బ గురించి, హార్నెస్ గురించి, హిందీలో, తెలుగులో, బెంగాలీ వాళ్లకి వచ్చిన నాలుగు ముక్కల్లో. ఇదీ అలాగే చెప్పాలి. చెప్పడానికి బయటి నుంచి ఎవరూ రానక్కర్లేదు. ఎమిరేట్స్ ఐడీ బ్లాకవుతుందని ఫోన్ వస్తే ఓటీపీ చెప్పి నెల జీతం పోగొట్టుకున్న ప్లాస్టర్ మేస్త్రీ మా దగ్గరే ఉన్నాడు. అతను పది నిమిషాలు తన గోడు చెప్పిన రోజు ఒక్కడూ ఫోన్ చూసుకోలేదు. రెండూ ఒకే దొంగతనం అని అందరికీ ఇట్టే అర్థమైంది. తొందర పెడతాడు, భయపెడతాడు, ఇంకొకర్ని అడిగే టైము ఇవ్వడు.

పరంజా మీద పచ్చ ట్యాగ్ లేకపోతే మేనేజరు చెప్పినా ఎక్కం. ఎక్కనని మొండికేసిన హెల్పర్‌ని ఎవరూ తిట్టరు, పైగా శభాష్ అంటారు. ఖాతా నంబరు మార్పుకి కూడా అలాంటి ట్యాగే ఉండాలని మేం నలుగురం అర్బాబ్ దగ్గర కూర్చుని పట్టుబట్టాం. కొత్త ఖాతా అని మెయిల్ వస్తే అందులో ఉన్న నంబరుకి కాదు, మన దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేయాలి. ఇద్దరు చూడందే డబ్బు కదలకూడదు. ఇక్కడి ఐబాన్‌లో 23 అక్షరాలుంటాయి. ‘ఏఈ’ తర్వాత రెండంకెలు వదిలేస్తే ఆపై మూడంకెలు బ్యాంకు గుర్తు. పాత బిల్లు పక్కన పెట్టి చూస్తే బ్యాంకు మారిందో లేదో స్టోర్‌కీపర్ కూడా చెప్పగలడు. స్టిక్కరు పీకేశాం, ఎవరి మెయిల్ వాళ్లకిచ్చాం. ఇవన్నీ సులువుగానే ఒప్పుకున్నాడు. తప్పు జరిగిన రోజే చెప్పినవాడి జీతం ముట్టుకోకూడదన్న దానికి మాత్రం ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. కుర్రాడికి అప్పటిదాకా కోసింది ఇంకా తిరిగి ఇవ్వలేదు. అది అడుగుతూనే ఉన్నాం.

మొన్న రాత్రి పదింటికి స్టోర్‌కీపర్ మా గదికొచ్చాడు. టైల్స్ కంపెనీ నుంచి ఖాతా మారిందని మెయిల్ వచ్చిందట, పడుకోబుద్ధి కాలేదట. పొద్దున పాత నంబరుకి ఫోన్ చేస్తే నిజంగానే బ్యాంకు మార్చుకున్నారు. బిల్లు ఒకరోజు ఆలస్యమైంది. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు.