లోకవార్తలు: గడియలు సరిచూచువారు

రాత్రి పరుండఁబోవునపుడు వీధితలుపు గడియ వేసితిమో లేదో యని మరల నొకమాఱు చూచి వచ్చుట మన కలవాటు. కంప్యూటరు యంత్రములకును ఇట్టి గడియలు గలవు. వానిని 30 యేండ్లుగా సరిచూచుచున్న యొక చిన్న బృందమును గూర్చి యీ మాసము ముచ్చటింతము.

ఆ బృందము నిర్మించినది ఓపెన్‌బీఎస్‌డీ యను ఆపరేటింగు సిస్టము. యంత్రమందలి పనులనన్నిటిని నడిపించు మూలసాధనమునకు ఆపరేటింగు సిస్టమని పేరు. కెనడా దేశమందలి కాల్గరీ నగరవాసి తియో డిరాట్ అను నాతఁడు 1995 అక్టోబరులో నెట్‌బీఎస్‌డీ యను సిస్టమునుండి దీనిని వేఱుచేసి యారంభించెను. దీని వ్రాత యంతయు బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, వెల యీయక వాడుకొనవచ్చును. సాధారణముగా ఆఱునెలల కొకమాఱు క్రొత్తకూర్పు వెలువడును. 2025 అక్టోబరులో 7.8 కూర్పు వచ్చినది. ఆ నెలతోనే 30 యేండ్లును నిండినవి.

దాఁపఱికము లేనిది భద్రమెట్లగునని మీరడుగవచ్చును. తాళము చేయు విధము పదుగురెఱిఁగినంత మాత్రమున మన తాళపుచెవి పరుల చేతికి పోదు గదా! పైగా పదుగురు చూచినచో లోపము త్వరగా బయటపడును. అయితే చూచువారుండవలెను. 2014 ఏప్రిలులో వెల్లడియైన హార్ట్‌బ్లీడ్ లోపమే దీనికి తార్కాణము. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అను బహిరంగమైన వ్రాతను రహస్యసంభాషణకై అనేక వెబ్‌సైట్లు నమ్ముకొని యుండెను. అందలి యా లోపము రెండేండ్లు ఎవరి కంటను బడలేదు. దాని మూలమున యంత్రముల జ్ఞాపకమందున్న సంకేతపదములు సైతము పరులు లాగుకొనుటకు వీలయ్యెను. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్లైనది. అప్పుడీ బృందమువారు ఆ వ్రాతను చేతఁబట్టి, చేటలో బియ్యమేఱినట్లు ఏఱి, తొలివారమునందే 90,000 పంక్తులకు పైగా తీసివైచి, లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ అను పేర శుభ్రమైన ప్రతిని సిద్ధపఱుప మొదలిడిరి.

ఇట్లేఱుటయే వీరి వ్రతము. 1996 నుండి పంక్తి పంక్తియు చదువుచు, ఒకచోట తప్పు దొరకినచో అట్టిదే మఱెక్కడనైన నున్నదేమో యని వెదకుదురు. వీరు కల్పించిన యుపాయములును వినఁదగినవి. 2016లో వచ్చిన ప్లెడ్జ్ అను పద్ధతిలో, ప్రోగ్రాము తాను చేయఁబోవు పనులివి మాత్రమేయని ముందుగా మాట యిచ్చును. మాట తప్పినచో సిస్టము దానిని తత్‌క్షణమే నిలిపివేయును. 2017 నుండి యంత్రము మేల్కొనునప్పుడెల్ల సిస్టము గర్భభాగము క్రొత్తవరుసలో అమరుచున్నది. నిన్న ఇంటి గదుల జాడ తెలిసికొని పోయిన దొంగకు నేఁడా జాడ పనికిరాదు.

1999లో వీరు వెలువరించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్, లోకమంతట సర్వరులను దూరమునుండి భద్రముగా నడుపువారికి నిత్యము కావలసిన పనిముట్టు. సంపన్నములైన కంపెనీలును దానిని వెల లేకయే వాడుకొనుచున్నవి. అయినను 2014 జనవరిలో, వీరి యంత్రములకగు విద్యుచ్ఛక్తి ఖర్చు 20,000 డాలర్లు సమకూడక, పని నిలిచిపోవునేమో యన్న స్థితి వచ్చెను. దాతలు ముందుకు వచ్చి ఆదుకొనిరి.

ఇంటిల్లిపాదియు భోజనము చేసి లేచిపోవుదురు. మఱునాఁటికి ఉప్పు పప్పు లున్నవో లేవో విచారించువా రొక్కరే. ఆ యొక్కరి శ్రమ యెట్టిదో మన చదువరులకు వేఱుగఁ జెప్పనక్కఱలేదు. లోకమునకు భద్రత నిచ్చువారి శ్రమయు నట్టిదే. అది ఆగిననాఁడు గాని దాని విలువ పరులకుఁ దెలియదు.

మనము చేయఁదగిన పని యొకటి గలదు. ఫోనులో భద్రతకు సంబంధించిన అప్‌డేటు వచ్చినదని కనఁబడినపుడు విసుగుతో త్రోసివేయకుఁడు. ఎక్కడనో యొకరు ఓపికతోఁ గూర్చుండి ఒక రంధ్రమును గనుఁగొని పూడ్చిరని దాని యర్థము. ఇంటి డబ్బు లెక్కలును, బిడ్డల ఛాయాచిత్రములును నేఁడా చిన్న పెట్టెలోనే యున్నవి గదా! వారు చేసి యిచ్చిన గడియను బిగించుకొనుట మాత్రము మన వంతు.